పిల్లల బాస్కెట్‌బాల్ సామాను: "పెరుగుతాడులే" అని పెద్ద సైజు కొనకండి

వేసవి సెలవులు మొదలవగానే స్పోర్ట్స్ షాపుల్లో రోజూ వినపడే మాట ఒకటుంది: "ఒక సైజు పెద్దది ఇవ్వండి, పెరిగే పిల్లాడు కదా." స్కూల్ యూనిఫాంకి ఈ లెక్క బానే ఉంటుంది, అంచు మడిచి కుట్టిస్తే సరిపోతుంది, పొడుగయ్యాక విప్పుకోవచ్చు. బాస్కెట్‌బాల్‌కి మాత్రం పనికిరాదు. పెద్ద షూలో పాదం జారుతుంది, పక్కకు తిరిగినప్పుడు షూ ఒకవైపు, పాదం ఒకవైపు పోయి చీలమండ మెలిక పడుతుంది. పెద్ద బంతిని రింగుదాకా విసరలేక పిల్లలు నడుం దగ్గర్నుంచి రెండు చేతులతో తోయడం నేర్చుకుంటారు, అది ఒకసారి ఒంటికి పట్టిందంటే మాన్పించడానికి కోచ్‌కి తలప్రాణం తోకకొస్తుంది.

నేను పొద్దున్నే మా కాలనీ గ్రౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పిస్తాను, ఎనిమిదేళ్ల వాళ్ల నుంచి పదహారేళ్ల వాళ్ల దాకా వస్తారు. కొత్తగా చేర్పించే ప్రతి అమ్మా నాన్నా అడిగేది ఒకటే, ఏం కొనాలి, ఎంతవుతుంది అని. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఒకచోట రాస్తున్నాను. ముందే ఒక మాట, మొదటి నెలలో కావాల్సినవి మంచి షూ, సరైన సైజు బంతి, నీళ్ల బాటిల్, అంతే. మిగతావి పిల్లలకు ఆట మీద నిజంగా ఇష్టం కుదిరాక కొనుక్కోవచ్చు.

షూ: డబ్బులు పెట్టాల్సింది ఇక్కడే

ఇంట్లో ఉన్న రన్నింగ్ షూతో కానిచ్చేద్దాం అనుకుంటారు చాలామంది. రన్నింగ్ షూ ముందుకు పరిగెత్తడానికి చేసింది, మడమ కింద మెత్తగా, ఎత్తుగా ఉంటుంది. బాస్కెట్‌బాల్‌లో సగం కదలికలు పక్కలకు, వెనక్కి, ఆగి ఎగరడం, దిగి తిరగడం. ఆ ఎత్తైన మెత్తటి మడమ మీద పక్కకు టక్కున తిరిగితే పాదం మడతపడుతుంది. స్కూల్‌కి వేసుకునే తెల్ల కాన్వాస్ షూకి అడుగున దెబ్బను ఆపుకునే మెత్తదనమే ఉండదు, సిమెంటు నేల మీద గంటసేపు ఎగిరితే మోకాళ్లు, మడమలు లాగేస్తాయి. బాస్కెట్‌బాల్ షూకి అడుగు వెడల్పుగా ఉంటుంది, పక్కల నుంచి పాదాన్ని పట్టి ఉంచుతుంది, ఆ తేడా వేసుకున్న మొదటి రోజే తెలుస్తుంది.

మన దగ్గర కోర్టులు ఎక్కువగా బయటే, సిమెంటువే. గచ్చిబౌలి, యూసుఫ్‌గూడ లాంటి ఇండోర్ స్టేడియాల్లో చెక్క నేల మీద ఆడేవాళ్లు కొద్దిమందే. అందుకని అడుగు రబ్బరు మందంగా, గీతలు లోతుగా ఉన్న షూ తీసుకోండి. టీవీలో పెద్ద ఆటగాళ్ల కాళ్లకు కనిపించే షూల్లో చాలావాటికి పల్చటి మెత్తటి రబ్బరు ఉంటుంది, చెక్క మీద బాగా పట్టుకుంటుంది, సిమెంటు మీద కొన్ని నెలల్లోనే బోడి అయిపోతుంది. నివియా, డెకథ్లాన్ లాంటి చోట్ల రెండు మూడు వేలలో పిల్లలకు సరిపడే షూ దొరుకుతుంది. పేరున్న పాత మోడల్ సేల్‌లో వచ్చినా మంచిదే. పన్నెండేళ్ల పిల్లాడికి పదిహేను వేల షూ అక్కర్లేదు, ఆరు నెలలకు ఎలాగూ ఇరుకవుతుంది.

కొనేటప్పుడు సాయంత్రం పూట వెళ్లండి. రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, ఆటలో ఉన్నప్పటి సైజుకి దగ్గరగా ఉంటుంది. ఆటకు వేసుకునే సాక్సే తొడిగి రెండు కాళ్లకూ వేసి చూడండి, చాలామందికి ఒక పాదం కొంచెం పెద్దది, పెద్ద పాదానికి సరిపోయేదే తీసుకోవాలి. నిలబెట్టి, పొడవైన వేలు ముందు మీ బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందో లేదో నొక్కి చూడండి. అంతకంటే ఎక్కువ ఉంటే అది "పెరుగుతాడులే" సైజు, పక్కన పెట్టేయండి. తర్వాత షాపులోనే నాలుగుసార్లు ఎగరమనండి, పక్కకు రెండడుగులు వేసి టక్కున ఆగమనండి. మడమ పైకి లేచి జారుతుంటే ఆ షూ వద్దు. పిల్లలు సిగ్గుపడి "బానే ఉంది" అంటారు, వాళ్ల మాట కంటే మడమను నమ్మండి.

కొన్నాక మూడు నాలుగు నెలలకోసారి అదే బొటనవేలి పరీక్ష మళ్లీ చేయండి. గోళ్లు నల్లబడుతున్నాయంటే షూ ఇరుకైందని అర్థం, పిల్లలు కొత్తవి అడగడానికి మొహమాటపడి చెప్పరు.

చీలమండ పైదాకా ఉండే హై టాప్ షూ వేస్తే బెణుకులు రావని మనందరికీ ఒక నమ్మకం. ఎత్తు షూ ఒక్కదానివల్లే బెణుకులు తగ్గుతాయని గట్టిగా రుజువు కాలేదు. పిల్లలకు ఏది సౌకర్యంగా ఉంటే అది తీసుకోండి, లేసులు మాత్రం పై రంధ్రం దాకా కట్టాలి. స్టైల్‌గా వదులుగా వదిలేస్తే ఏ షూ అయినా చెప్పుతో సమానం. ఇంకోటి, ఆట షూ ఆటకే. ట్యూషన్‌కీ, బజారుకీ అవే వేసుకెళ్తే అడుగు ఊరికే అరిగిపోతుంది, కోర్టులోకి ఇసుక కూడా మోసుకొస్తుంది. సిమెంటు మీద సన్నటి ఇసుక ఉంటే కొత్త షూ కూడా జారుతుంది, అందుకే మా పిల్లలు ఆట మొదలుపెట్టే ముందు వంతులవారీగా కోర్టు ఊడుస్తారు.

సాక్స్ గురించి ఎవరూ అడగరు, కానీ బొబ్బలన్నీ అక్కడే పుడతాయి. పల్చటి కాటన్ సాక్స్ చెమట పీల్చుకుని తడిగుడ్డలా చర్మాన్ని రాస్తాయి. కాస్త మందంగా, నైలాన్ లేదా పాలిస్టర్ కలిసినవి వేయండి, రెండో జత సంచిలో ఉంచండి.

బంతి: 7 అందరికీ కాదు

బంతి మీద గాలి రంధ్రం దగ్గర ఒక అంకె ఉంటుంది, అది సైజు. 7 మగవాళ్లది, చుట్టుకొలత 75 నుంచి 77 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాముల అటూ ఇటూ. 6 ఆడవాళ్లది, 72 సెంటీమీటర్ల చుట్టూ, అర కిలోకి కొంచెం పైన. 5 పిల్లలది, 70 సెంటీమీటర్ల దరిదాపు, అర కిలోకి కాస్త తక్కువ. ఇంకా చిన్నపిల్లలకు 4 కూడా ఉంది, మన షాపుల్లో తక్కువగా కనిపిస్తుంది, ఆన్‌లైన్‌లో వెతకాలి.

అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ, అమెరికా బాస్కెట్‌బాల్ సంఘం కలిసి పిల్లల కోసం పెట్టిన లెక్క నాకు నచ్చుతుంది: 7, 8 ఏళ్లకు 4వ సైజు బంతి, 8 అడుగుల ఎత్తులో రింగు, 9 నుంచి 11 ఏళ్లకు 5వ సైజు, 9 అడుగుల రింగు, 12 ఏళ్లు వచ్చాక అమ్మాయిలకు 6, అబ్బాయిలకు 7, రింగు మామూలు 10 అడుగులు, అంటే 3.05 మీటర్లు. దీనికి నా అనుభవంలోంచి ఒక సవరణ చెప్తాను. పన్నెండేళ్ల అబ్బాయి సన్నగా, పొట్టిగా ఉంటే ఇంకో ఏడాది 6తో ఆడనివ్వండి, అందులో నామోషీ ఏం లేదు. టోర్నమెంట్ దగ్గరపడ్డప్పుడు అక్కడ ఏ సైజు వాడతారో కోచ్‌ని అడిగి, నెల ముందు నుంచి దాంతో ప్రాక్టీస్ చేస్తే చాలు. మన స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19 అని వయసు వర్గాలుంటాయి, మీ పిల్లలు ఎందులోకి వస్తారో పుట్టిన తేదీతో చూసుకోండి.

సైజు సరిపోయిందో లేదో తెలుసుకోవాలంటే ఒక చిన్న పరీక్ష ఉంది. ఫ్రీ త్రో గీత (రింగుకి ఎదురుగా కోర్టు మీద గీసి ఉండేది) కంటే రెండడుగులు ముందు నిలబెట్టి ఒంటిచేత్తో, రెండో చెయ్యి ఊరికే ఆనించి, షూట్ చేయమనండి. బంతి నుదురు ఎత్తులోంచి బయల్దేరి రింగుదాకా వెళ్తే సరే. నడుం వంచి కిందనుంచి ఊపి విసిరితే బంతి బరువెక్కువైంది, లేదా రింగు ఎత్తెక్కువైంది. చాలాసార్లు రెండూ.

రకం విషయానికొస్తే సిమెంటు కోర్టుకి రబ్బరు బంతి చాలు, కాస్కో, నివియా బంతులు వెయ్యి రూపాయల లోపే వస్తాయి. ఇంకొంచెం పెట్టగలిగితే కంపోజిట్, అంటే కృత్రిమ తోలు బంతి చేతికి బాగా అతుక్కుంటుంది, బయటా లోపలా వాడొచ్చని డబ్బా మీద రాసి ఉన్నది చూసి తీసుకోండి. అసలు తోలు బంతి ఇండోర్‌కే, సిమెంటు మీద ఒక సీజన్ కూడా బతకదు. ప్రపంచ బాస్కెట్‌బాల్ సంఘం ఫిబా అధికారిక బంతి 1982 నుంచి మోల్టెన్, ఎన్‌బీఏది 2021 నుంచి విల్సన్, అంతకుముందు చాలా ఏళ్లు స్పాల్డింగ్. ఈ పేర్లతో చవక రబ్బరు బంతులు కూడా వస్తాయి కాబట్టి పేరు ఒక్కటే చూసి మురిసిపోవద్దు, వేళ్లతో పట్టుకుని పైన బుడిపెల్లాంటి గింజలు సమంగా ఉన్నాయా, గాల్లో తిప్పితే వంకర్లు పోతోందా చూడండి.

గాలి ఎంతుండాలో బంతి మీదే రాసి ఉంటుంది, సాధారణంగా 7 నుంచి 9 పీఎస్ఐ. కొలిచే మీటర్ లేకపోతే పొడుగు మనిషి నెత్తి ఎత్తు నుంచి, అంటే 1.8 మీటర్ల నుంచి, ఊరికే వదలండి. ఎగిరిన బంతి పైభాగం 1.2, 1.4 మీటర్ల మధ్యకు రావాలి, మన ఛాతీ ఎత్తు అనుకోండి. పంక్చర్ షాపులో కంప్రెసర్‌తో కొట్టించొద్దు, రాయిలా అయిపోయి చిన్న వేళ్లను విరగ్గొడుతుంది. చేతి పంపు, రెండు సూదులు కొనుక్కోండి. సూదిని తడిపి నిటారుగా గుచ్చాలి, పొడిగా గుచ్చితే లోపలి వాల్వు చిరిగిపోతుంది, అప్పుడు బంతి ఎన్నిసార్లు కొట్టినా తెల్లారేసరికి మెత్తబడుతుంది. బంతి మీద కూర్చోనివ్వకండి, కారు వెనక అద్దం కింద ఎండలో వదిలేయకండి.

ఇంట్లో, గ్రౌండ్‌లో ప్రాక్టీస్‌కి

ఇక్కడ ఖర్చు చాలా తక్కువ. కోన్‌లు కొనకపోయినా నీళ్లు నింపిన పాత బాటిళ్లు ఆరు వరసగా పెడితే డ్రిబ్లింగ్‌కి (బంతిని నేలకు కొడుతూ ముందుకెళ్లడానికి) అంతకంటే ఏం కావాలి. ఒక సుద్దముక్క, ఒక స్కిప్పింగ్ తాడు, ఒక టెన్నిస్ బంతి. తాడు మధ్యలో తొక్కి నిలబడితే రెండు కొసలూ చంకల దాకా రావాలి, అది సరైన పొడవు. టెన్నిస్ బంతి ఎందుకంటే, ఒక చేత్తో బాస్కెట్‌బాల్ డ్రిబుల్ చేస్తూ రెండో చేత్తో దాన్ని ఎగరేసి పట్టుకోవాలి. కళ్లు బంతి మీద నుంచి పైకి లేవడానికి దీన్ని మించిన సాధన నేను చూడలేదు. డ్రిబుల్ కళ్లజోళ్లు అని అమ్ముతారు, కింద కనపడకుండా అడ్డం వచ్చేవి, వాటి అవసరం లేదు.

రింగు కిందికి దించే వీలున్న బోర్డులు మన దగ్గర తక్కువ. ఫిబా మినీ బాస్కెట్‌బాల్‌లో కూడా రింగు 2.60 మీటర్లే, పిల్లల కోసం దించడం ఆటని తక్కువ చేయడం కాదు. మీ గ్రౌండ్‌లో అన్నీ పదడుగులవే అయితే గోడ మీద ఎనిమిదడుగుల ఎత్తున సుద్దతో గుండ్రం గీసి దానికి గురిపెట్టి వేయించండి. రింగు లేకపోయినా చెయ్యి తిరిగే తీరు కుదురుతుంది, అసలు కావాల్సింది అదే. 1891లో జేమ్స్ నైస్మిత్ స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో ఈ ఆట మొదలుపెట్టినప్పుడు ఉన్నది కూడా జిమ్ బాల్కనీ అంచుకు కొట్టిన పీచ్ పళ్ల బుట్టలే. మన దేశానికి ఆటను తెచ్చింది కూడా వైఎంసీఏలే, సికింద్రాబాద్, నారాయణగూడ వైఎంసీఏ ఆవరణల్లో ఇవాళ్టికీ బంతి చప్పుడు వినపడుతుంది.

గ్రౌండ్‌లో రింగుకి వల లేకపోతే చందా వేసుకుని అయినా కట్టించండి. నైలాన్ వల రెండు మూడు వందలు. వల లేని రింగులో బంతి లోపల్నుంచి పోయిందా, పక్కనుంచి పోయిందా పిల్లలకు తెలియదు, ఆ సుర్రుమనే చప్పుడు లేకపోతే షూటింగ్‌లో సగం సంతోషం పోతుంది.

బరువు బంతులు, కాళ్లకు కట్టే ఇసుక సంచులు పద్నాలుగేళ్ల లోపు వాళ్లకు వద్దు. ఎముకలు ఇంకా పెరుగుతున్న వయసు, మోకాలి చిప్ప కింద ఎముక బుడిపె దగ్గర నొప్పి అని ఈ వయసు పిల్లలు ఊరికే అంటుంటారు, ఎగిరే ఆటలు ఆడేవాళ్లలో అది మామూలుగా కనిపించేదే. దాని మీద ఇంకా బరువు పెట్టకండి. నొప్పి రోజుల తరబడి ఉంటే డాక్టర్‌కి చూపించి, ఆట కొన్నాళ్లు తగ్గించండి.

ఒంటిని కాపాడేవి

మా పిల్లలకు నేను పట్టుబట్టి కొనిపించేది మౌత్‌గార్డ్. బాక్సింగ్‌కి కదా అంటారు. రీబౌండ్, అంటే గురి తప్పి వెనక్కొచ్చిన బంతి కోసం నలుగురు ఎగిరినప్పుడు మోచెయ్యి సరిగ్గా మూతి ఎత్తులో ఉంటుంది, బాస్కెట్‌బాల్‌లో పళ్ల దెబ్బలు ఎక్కువే. వేణ్నీళ్లలో మెత్తబరిచి కొరికితే పళ్ల ఆకారానికి కుదిరే రకం కొన్ని వందల్లో వస్తుంది. ప్యాకెట్ మీద రాసినన్ని సెకన్లే నీళ్లలో ఉంచండి. రంగులేని, పారదర్శకంగా ఉన్నది తీసుకోండి, ఫిబా నిబంధనలు ఒప్పుకునేది అదే. పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్న పిల్లలకు కొన్ని నెలలకోసారి మళ్లీ కుదిర్చుకోవాలి, పళ్లకు క్లిప్పులున్నవాళ్లు డెంటిస్ట్‌ని అడిగి చేయించుకోవాలి.

మొదటి వారం అందరూ ఉమ్మేస్తారు, మాట రావట్లేదంటారు. మా బ్యాచ్‌లో ఒక అమ్మాయికి ముందు పన్ను ఊడి కోర్టులో పడినప్పుడు మాత్రం తర్వాత రోజు నుంచి ఒక్కరూ మర్చిపోలేదు. ఆ పన్ను దక్కింది. ఎలాగో చెప్తాను, ప్రతి కోచ్‌కీ, ప్రతి అమ్మకీ తెలియాలి. శాశ్వత పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా తెల్లగా కనిపించే భాగాన్నే పట్టుకోండి. మట్టి ఉంటే కొంచెం పాలతోనో నీళ్లతోనో తొలిపి, రుద్దకుండా, చల్లటి పాలల్లో వేసి అరగంట, గంటలోపు డెంటిస్ట్ దగ్గర ఉండాలి. పక్కన కిరాణా కొట్టులో పాల ప్యాకెట్ దొరకని ఊరు లేదు కదా. పాలపన్ను అయితే తిరిగి పెట్టరు, అయినా చూపించండి.

కళ్లజోడు వాడే పిల్లలు మామూలు జోడుతో ఆడకూడదు. పాలీకార్బనేట్ అద్దాలతో, తల వెనక పట్టీ ఉండే స్పోర్ట్స్ గాగుల్స్‌లో పవర్ వేయించొచ్చు. పిల్లలు వెక్కిరిస్తారని జంకితే కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఫోటో చూపించండి. కంటికి దెబ్బలు తగిలాక గాగుల్స్ పెట్టుకుని ఆడాడు, ఎన్‌బీఏలో చాలా ఏళ్లపాటు అందరికంటే ఎక్కువ పాయింట్లు ఆయనవే.

చీలమండకు వస్తే, ఈ ఆటలో ఎక్కువగా తగిలే దెబ్బ అక్కడే. ఒకసారి బెణికిన కాలు మళ్లీ బెణుకుతుంది. లేసులతో బిగించే యాంకిల్ బ్రేస్ (చీలమండ పట్టీ) మీద అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1460 మంది హైస్కూల్ ఆటగాళ్లతో చేసిన ఒక అధ్యయనం 2011లో వెలువడింది, బ్రేస్ వేసుకున్నవాళ్లలో చీలమండ దెబ్బలు మిగతావాళ్లతో పోలిస్తే మూడో వంతే. తగిలిన దెబ్బ తీవ్రత మాత్రం తగ్గలేదు. కాబట్టి ముందు బెణికిన పిల్లలకు ఆ రకం బ్రేస్ తప్పకుండా కొనండి. మందుల షాపులో దొరికే మెత్తటి సాగే తొడుగు అది కాదు, దానివల్ల వెచ్చదనం తప్ప పట్టు ఉండదు. బ్రేస్ వెంటబెట్టుకుని షూ షాపుకెళ్లండి, లేదంటే షూ ఇరుకవుతుంది. దాంతోపాటు రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడే అలవాటు చేయించండి, ఒక నిమిషం కుడి, ఒక నిమిషం ఎడమ. ఖర్చు లేదు, చీలమండ గట్టిపడుతుంది.

మోకాలి ప్యాడ్లు కొత్తగా కిందపడటం నేర్చుకుంటున్న పిల్లలకు సిమెంటు మీద మంచివే. చేతి స్లీవులు చూడ్డానికి బావుంటాయి, పుట్టినరోజుకి కొనిపెట్టండి, రక్షణ అని మాత్రం కాదు.

అమ్మాయిల తల్లులకు ఒక మాట. సరైన స్పోర్ట్స్ బ్రా కొనివ్వండి. వయసొస్తున్న పిల్లలు అడగలేక, ఎగరడానికి ఇబ్బందిపడి, ఆటే మానేసినవాళ్లను చూశాను. కోచ్ మగవాడైతే వాళ్లు ఎప్పటికీ చెప్పరు, మీరే ముందు అడగాలి. సంచిలో ప్యాడ్లు, ముదురు రంగు షార్ట్ ఒకటి ఉంచండి. జుట్టు రబ్బరు బ్యాండ్‌తో కట్టాలి, లోహపు క్లిప్పులు, పిన్నులు వద్దు, పొడుగు జడ అయితే మడిచి కట్టండి. హిజాబ్ వేసుకునే అమ్మాయిలు ఆడకూడదేమోనని వెనక్కి తగ్గక్కర్లేదు, ఫిబా 2017లోనే తలపాగా, హిజాబ్‌ల మీద ఉన్న నిషేధం ఎత్తేసింది. పిన్నులు లేని, సాగే గుడ్డతో కుట్టిన స్పోర్ట్స్ హిజాబ్ దొరుకుతుంది.

నగలన్నీ ఇంట్లోనే. కమ్మలు, పట్టీలు, ఉంగరం, కడియం, వాచీ, మెడలో తాయెత్తు తాడు కూడా. దేవుడి తాడు తీయకూడదంటే ఆట అయ్యేదాకా సంచిలో భద్రంగా పెట్టమనండి. వలలో, ఎదుటివాళ్ల జెర్సీలో ఉంగరం ఇరుక్కుంటే వేలు పోయే ప్రమాదం ఉంది. కమ్మల మీద టేప్ వేస్తే చాలనుకోకండి. చెవులు, ముక్కు కుట్టించే ఆలోచన ఉంటే ఆట లేని నెలల్లో కుట్టించండి. గోళ్లు వారానికోసారి కత్తిరించాలి, మా గ్రౌండ్‌లో గీరుడు గాయాల్లో ఎక్కువభాగం పక్కవాళ్ల గోళ్లవే.

సంచిలో మందుల డబ్బా

క్రేప్ బ్యాండేజి, దూది, బీటాడిన్, బ్యాండ్‌ఎయిడ్‌లు, వెడల్పు టేప్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, చిన్న కత్తెర. ఐస్‌కి పక్కన జ్యూస్ బండినో, కూల్‌డ్రింక్ షాపునో ముందే చూసి పెట్టుకోండి.

బెణికితే ఐస్‌ని గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి, క్రేప్ బ్యాండేజి చుట్టండి, కాలు ఎత్తులో పెట్టండి. మొదటి రెండు రోజులు మర్దన, వేడి కాపడం వద్దు. నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే కళ్లల్లో నీళ్లు తిరిగినా ఎక్స్‌రే తీయించాలి. పుత్తూరు కట్టు మీద నమ్మకం ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు, నేను వాదించను, ఎక్స్‌రే మాత్రం ముందు. పిల్లల ఎముకల్లో పెరుగుదల జరిగే భాగం మెత్తగా ఉంటుంది, పెద్దవాళ్లకు బెణుకయ్యే దెబ్బకే పిల్లలకు అక్కడ చిట్లుతుంది, పైకి రెండూ ఒకేలా వాస్తాయి. వేలికి బంతి తగిలి వాస్తే పక్కనున్నవాళ్లు "లాగితే సరిపోతుంది" అంటూ వస్తారు. లాగనివ్వకండి, పక్క వేలితో కలిపి టేప్ వేసి డాక్టర్‌కి చూపించండి. తలకు దెబ్బ తగిలి తల తిరుగుతున్నా, వాంతి వచ్చినా, అడిగినదానికి తికమకగా చెప్పినా ఆ రోజుకి ఆట అయిపోయినట్టే, నేరుగా ఆస్పత్రికే.

ఎండ మన దగ్గర అన్నింటికంటే గట్టి ప్రత్యర్థి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం ఐదు దాటాక ఆడించండి. ఒక్కొక్కరికి ఒక లీటర్ బాటిల్, పావుగంటకోసారి దాహం వేయకపోయినా నాలుగు గుక్కలు. ఇంటికెళ్లాక ఉప్పు వేసిన మజ్జిగ. ఓఆర్ఎస్ అయితే ప్యాకెట్ మొత్తం దాని మీద రాసినన్ని నీళ్లలో (పెద్ద ప్యాకెట్‌కి లీటరు) ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే పాళ్లు తప్పుతాయి. ఓఆర్ఎస్ పేరుతో టెట్రా ప్యాకుల్లో తియ్యటి పానీయాలు అమ్మేవాళ్లు, హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పాత సరుకు ఎక్కడైనా కనిపిస్తే డబ్బా వెనక డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి కొనండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెమట పడుతున్నా సరే, నీడలోకి తెచ్చి నీళ్లు చల్లుతూ 108కి ఫోన్ చేయండి.

కొనే ముందు ఒకసారి పోల్ చూసి రండి

ఇది చివర్లో రాస్తున్నాను గానీ చేయాల్సింది మొదట. 2025 నవంబర్‌లో హర్యానాలో, రోహ్‌తక్ జిల్లాలోని ఒక ఊరి గ్రౌండ్‌లో, జాతీయ స్థాయిలో ఆడిన 16 ఏళ్ల కుర్రాడు ఒక్కడే ప్రాక్టీస్ చేస్తూ ఎగిరి రింగు పట్టుకున్నాడు. పోల్ మొదలుతో సహా కూలి ఛాతీ మీద పడింది, బతకలేదు. ఆ వీడియో చూసిన రోజు నేను మా గ్రౌండ్‌కి వెళ్లి రెండు పోల్‌లూ ఊపి చూశాను. ఒకటి కదిలింది. ఇన్నేళ్లుగా దాని కిందే పిల్లల్ని ఆడిస్తున్నాను.

అందుకని మీరు కూడా వెళ్లండి. పోల్ భూమిలో దిగే చోట చూడండి, వానకాలం నీళ్లు నిలిచి తుప్పు పట్టేది అక్కడే. తాళంచెవితో గీరితే పెచ్చులు ఊడుతున్నా, రంధ్రాలు పడ్డా అది ప్రమాదం, పైన కొత్త పెయింట్ వేసి ఉన్నా సరే. సిమెంటు దిమ్మ పగిలిందా, బోల్టులు అన్నీ ఉన్నాయా, వెల్డింగ్ విడిచిందా చూడండి. ఇద్దరు పెద్దవాళ్లు పక్కన నిలబడి, కింద కాదు, గట్టిగా తోస్తే ఊగకూడదు. చక్రాల మీద తిరిగే బోర్డు అయితే వెనక పెట్టెలో బరువు నిండా ఉందా కనుక్కోండి, ఖాళీ పెట్టెతో నిలబెట్టేసిన వాటిని చాలాచోట్ల చూస్తాం.

ఫిబా లెక్క ప్రకారం బోర్డును మోసే స్తంభం కోర్టు చివరి గీతకు కనీసం 2 మీటర్ల వెనక ఉండాలి, నేల నుంచి 2.15 మీటర్ల ఎత్తు దాకా 10 సెంటీమీటర్ల మందం దిండు చుట్టి ఉండాలి. మన గ్రౌండ్‌లలో చాలావాటికి గీత పక్కనే ఉత్త ఇనుప పైపు ఉంటుంది, రింగు దాకా పరిగెత్తి ఎగిరి వేసే లేఅప్ వేసి ఆగలేక పిల్లలు నేరుగా దానికే తగులుతారు. మేము పాత పరుపు ముక్క చుట్టి, పైన టార్పాలిన్ వేసి, తాడుతో బిగించాం. ఒక ఆదివారం మధ్యాహ్నం పని, వానకు తడిసి పాడైతే ఏటా మార్చాలి.

కదిలిన పోల్ సంగతి మున్సిపల్ ఆఫీసులోనో, స్కూల్ హెడ్‌మాస్టర్‌కో నోటితో చెప్పి ఊరుకోకండి. తుప్పు కనిపించేలా ఫోటోలు తీసి కాగితం మీద రాసి ఇవ్వండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి, నలుగురు తల్లిదండ్రులు సంతకం చేస్తే ఇంకా బలం. మాది బాగుచేయడానికి రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా ఆ పోల్ చుట్టూ తాడు కట్టేశాం, పిల్లలు కోర్టు రెండో సగంలోనే, ఒకే రింగు దగ్గర వంతులేసుకుని ఆడారు.